వీఎంసీకి ఇండెక్సరా, ఫోర్త్ యాక్సిసా, ఫైవ్ యాక్సిస్ టేబులా? కొనేముందు చూసుకోవాల్సిన లెక్కలు

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల జాబ్ వర్క్ చేసే చిన్న షాపుల్లో ఎక్కువగా కనిపించేది ఒకే తరహా మెషీన్: ఎక్స్ 800, వై 500, జెడ్ 500 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ట్రావెల్ ఉన్న త్రీ యాక్సిస్ వీఎంసీ, అంటే స్పిండిల్ పైనుంచి నిలువుగా దిగి కట్ చేసే సీఎన్‌సీ మిల్లింగ్ మెషీన్. బీఎఫ్‌డబ్ల్యూ కావచ్చు, ఏస్ కావచ్చు, జ్యోతి కావచ్చు, ఎల్ఎండబ్ల్యూ కావచ్చు. దాని మీద కొన్నేళ్లు బాగానే పని నడుస్తుంది. తర్వాత పార్టీలు పంపే డ్రాయింగులు మారతాయి. బ్లాకుకి నాలుగు వైపులా హోల్స్, షాఫ్ట్ చుట్టూ 60 డిగ్రీలకొక స్లాట్, ఫ్లాంజ్ అంచు మీద రేడియల్ హోల్స్ వస్తుంటాయి, ఆపరేటర్ షిఫ్టులో సగం జాబ్ తిప్పి పెట్టడానికీ డయల్ పట్టడానికీ పోతుంటుంది. అప్పుడు డీలర్లకు ఫోన్ చేస్తే ఒకరు ఇండెక్సర్ చాలంటారు, ఒకరు ఫోర్త్ యాక్సిస్ అంటారు, ఇంకొకరు ఎలాగూ ఖర్చు పెడుతున్నారు కదా, ఫైవ్ యాక్సిస్ టేబులే పెట్టేయండి అంటారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ సైజు మెషీన్ ఉన్న చాలా షాపులకు సరిపోయేది కంట్రోల్‌కి పూర్తిగా కలిపిన ఫోర్త్ యాక్సిస్ (జాబ్‌ని తిప్పే రోటరీ టేబుల్), దానికి సరిజోడు టెయిల్ స్టాక్ (రెండో చివర ఆనించి పట్టేది), మధ్యలో ఒక మంచి ట్రనియన్ ప్లేట్ (ఆ రెండిటి మధ్య బిగించి తిప్పే పలక). జాబ్‌ని తిప్పడంతో పాటు వంచే ఫైవ్ యాక్సిస్ టేబుల్ కొందరికే లాభం. సొంత కంట్రోలర్‌తో అంచెలంచెలుగా తిరిగే ఇండెక్సర్ పాత మెషీన్లకు. ఎందుకంటున్నానో లెక్కలతో చూపిస్తాను, మీ జాబ్‌లు వేరైతే అవే లెక్కలు మీ అంకెలతో మళ్లీ వేసుకోండి, జవాబు మారవచ్చు.

ముందు సెటప్‌లు లెక్కపెట్టాలి

హైడ్రాలిక్ మానిఫోల్డ్ బ్లాక్ తీసుకుందాం. ఆరు ముఖాలకూ పని ఉంది. మామూలు వైస్‌లో చేస్తే ఆరు సెటప్‌లు. ఫోర్త్ యాక్సిస్ మీద ఒక చివర పట్టుకుంటే చుట్టూ ఉన్న నాలుగు ముఖాలూ ఒకే సెటప్‌లో అయిపోతాయి, చివరి రెండు ముఖాలకు స్పిండిల్ పైనుంచి చేరలేదు కాబట్టి వాటికి వైస్‌లో చెరొకటి. మొత్తం మూడు. ఫైవ్ యాక్సిస్ టేబుల్ మీద అయితే కింద పట్టుకున్న ముఖం తప్ప ఐదూ ఒకేసారి, ఆరోదానికి ఇంకొకటి. మొత్తం రెండు.

ఒక్కో సెటప్‌కి జాబ్ తీసి, చిప్ తుడిచి, స్టాపర్‌కి ఆనించి బిగించడానికి 4 నిమిషాలు అనుకుందాం. 50 పీసుల బ్యాచ్. వైస్‌లో 6 సార్లు 4 నిమిషాలు 50 పీసులు అంటే 1200 నిమిషాలు, 20 గంటలు. ఫోర్త్ యాక్సిస్‌తో 10 గంటలు. ఫైవ్ యాక్సిస్‌తో 6 గంటల 40 నిమిషాలు. మొదటి మెట్టు ఎక్కితే 10 గంటలు మిగిలాయి, రెండో మెట్టుకి మిగిలింది 3 గంటల 20 నిమిషాలే. కానీ ఖర్చు మాత్రం రెండో మెట్టులోనే ఎక్కువగా పెరుగుతుంది. టేబుల్ ధర ఒక్కటే కాదు, కంట్రోల్ ఆప్షన్, టూల్ దారి తయారుచేసే క్యామ్ (CAM) సాఫ్ట్‌వేర్, దాన్ని మీ మెషీన్ భాషలోకి మార్చే పోస్ట్ ప్రాసెసర్, నేర్చుకునే సమయం అన్నీ అక్కడే వచ్చిపడతాయి. అలా మిగిలిన గంటలను మీ మెషీన్ గంట రేటుతో గుణించి, నెలలో ఇలాంటి బ్యాచ్‌లు ఎన్నొస్తాయో వేసి, కొటేషన్ పక్కన పెట్టుకుని చూడండి. డీలర్ చెప్పే పేబ్యాక్ లెక్క కంటే ఇది నమ్మదగింది.

ఈ లెక్కలోనే ఇంకో సంగతి కూడా తేలిపోతుంది. మీ జాబ్‌లలో ఎక్కువ భాగం ఒకటి రెండు ముఖాల పనే అయితే రోటరీ వల్ల మిగిలేది ఏమీ లేదు. ఆ డబ్బుతో జీరో పాయింట్ బేస్ (వైస్‌ని తీసి పెట్టినా మళ్లీ అదే చోట కూర్చునే బేస్), రెండు మూడు సెల్ఫ్ సెంటరింగ్ వైస్‌లు, డబుల్ స్టేషన్ వైస్ తెచ్చుకుంటే ఆ మెషీనే ఎక్కువ పని ఇస్తుంది.

సమయం కాక రెండో కారణం ముఖాల మధ్య సంబంధం. ఒక ముఖం మీద బోరుకీ పక్క ముఖం మీద హోల్‌కీ మధ్య 0.03 టాలరెన్స్ ఉంటే, వైస్‌లో తిప్పి పెట్టిన ప్రతిసారీ కొంచెం కొంచెం తప్పు పేరుకుంటుంది. ఒకసారి పట్టుకుని తిప్పితే ఆ తప్పు పోతుంది, దాని బదులు రోటరీ కోణంలో తప్పు వస్తుంది. అది ఎంతో చూద్దాం. కోణంలో 1 ఆర్క్ సెకన్ తప్పు 100 మిల్లీమీటర్ల రేడియస్ దగ్గర సుమారు అర మైక్రాన్. 20 సెకన్ల తప్పున్న టేబుల్ మీద 50 మిల్లీమీటర్ల దూరంలో హోల్ వేస్తే తప్పు 5 మైక్రాన్లు కూడా రాదు. అదే 200 దూరంలో అయితే దాదాపు 20 మైక్రాన్లు. చిన్న జాబ్‌లకు మామూలు గ్రేడ్ టేబుల్ హాయిగా సరిపోతుంది. ఎన్‌కోడర్ ఉన్న హై ప్రెసిషన్ మోడల్‌కి అదనంగా డబ్బు కట్టేముందు మీ జాబ్ రేడియస్ ఎంతో చూసుకోండి.

చేతితో తిప్పే హెడ్, ఇండెక్సర్

డివైడింగ్ హెడ్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. 40కి 1 నిష్పత్తి, హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే స్పిండిల్ 9 డిగ్రీలు తిరుగుతుంది, మిగతాది హోల్ ప్లేట్. ఒకటి రెండు పీసులకు, టూల్ రూమ్ పనికి ఇప్పటికీ బాగుంటుంది. బ్యాచ్ పనికి మాత్రం పెట్టకండి, ప్రతి ఇండెక్స్‌కీ డోర్ తెరవాలి, ఎక్కడో ఒకచోట ఆపరేటర్ హోల్ లెక్క తప్పుతాడు.

ఇండెక్సర్ అంటే దానికి సొంత కంట్రోలర్ ఉంటుంది, మెషీన్ ప్రోగ్రామ్‌లో ఒక ఎం కోడ్ (బయటి పరికరాలను నడిపే ఆదేశం) ఇస్తే అది తన ప్రోగ్రామ్‌లో తర్వాతి స్టెప్‌కి తిరిగి, అయిపోయిందని సిగ్నల్ వెనక్కి ఇస్తుంది. పాత మెషీన్‌కి ఇదే సరైన దారి. ఎలక్ట్రికల్ ప్యానెల్‌లో ఇంకో డ్రైవ్ పెట్టే చోటు లేకపోయినా, కంట్రోల్‌లో నాలుగో యాక్సిస్ తెరవడం కుదరకపోయినా, ఒక ఖాళీ ఎం కోడ్ రిలే ఉంటే చాలు. ఇబ్బంది ఎక్కడంటే, ప్రోగ్రామ్ రెండు చోట్ల ఉంటుంది. మధ్యలో టూల్ విరిగిందనో కరెంటు పోయిందనో ఆపి మళ్లీ మొదలుపెడితే మెషీన్ ఒక స్టెప్‌లో, ఇండెక్సర్ ఇంకో స్టెప్‌లో ఉండిపోతాయి. అప్పుడు తప్పు ముఖం మీద హోల్ పడుతుంది, లేదా టూల్ నేరుగా ఫిక్చర్‌లోకి దిగుతుంది. అందుకే ఇండెక్సర్ కొంటే హోమ్‌కి పంపడానికి వేరే ఎం కోడ్ దొరుకుతుందా అని ముందే అడగండి, దొరికితే ప్రతి ప్రోగ్రామ్ మొదట్లో అది తప్పనిసరిగా పెట్టండి.

హిర్త్ కప్లింగ్ ఇండెక్సర్లని ఇంకో రకం ఉంది. పళ్లున్న రెండు రింగులు ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. 5 డిగ్రీలకో, 1 డిగ్రీకో మాత్రమే ఆగుతుంది, మధ్యలో ఆగదు, తిరుగుతూ కట్ చేయదు. కానీ ఆగినచోట చాలా గట్టిగా, చాలా కచ్చితంగా ఉంటుంది. మీ పనంతా 90, 45, 30 డిగ్రీల మీదే నడుస్తూ హెవీ మిల్లింగ్ ఉంటే దీన్ని తీసిపారేయకండి.

ఫోర్త్ యాక్సిస్: కొలతలు ముందు

టేబుల్ వ్యాసం చూసి కొనేస్తుంటారు, 170 చాలా, 200 కావాలా అని. అంతకంటే ముందు చూడాల్సింది సెంటర్ హైట్, అంటే రోటరీ మధ్య బిందువు మెషీన్ టేబుల్ నుంచి ఎంత ఎత్తులో ఉందో. ట్రనియన్ ప్లేట్ వేయాలంటే ఇదే అన్నిటికంటే ముఖ్యం. ఉదాహరణకి ప్లేట్ వెడల్పు 250, ప్లేట్ అడుగు సెంటర్ లైన్ మీదే ఉంది, ప్లేట్‌తో కలిపి జాబ్ పైకి 60 వస్తుంది అనుకోండి. మూల దూరం 125 స్క్వేర్, 60 స్క్వేర్ కలిపి రూట్ తీస్తే సుమారు 139. సెంటర్ హైట్ 160 ఉంటే తిరిగేటప్పుడు కింద 21 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. సెంటర్ హైట్ 135 అయితే మూల మెషీన్ టేబుల్‌ని తగులుతుంది. రోటరీ కింద రైజర్ బ్లాక్ పెట్టుకోవచ్చు కానీ టెయిల్ స్టాక్‌కీ అంతే ఎత్తు బ్లాక్ గ్రైండింగ్ చేయించాలి, గట్టితనం కొంత తగ్గుతుంది.

పొడవు సంగతి. 1000 పొడవు టేబుల్ మీద రోటరీ బాడీకి 200, చక్‌కి 100, టెయిల్ స్టాక్‌కి 200 పోతే మిగిలేది 500. వైస్ కూడా పక్కనే ఉంచుకుందాం అనుకుంటే అంతా ఇరుకే. మోటార్ ఎటువైపు వస్తుందో డ్రాయింగ్ మీద వేసి చూడండి, వై చివరికి వెళ్లినప్పుడు మోటార్ కవర్ డోర్‌కో, వెనక మడతల కవర్‌కో (బెల్లో) తగిలే మోడల్స్ ఉంటాయి. కేబుల్ గొట్టం చిప్స్ పడని వైపు నుంచి రావాలి. మెషీన్ టేబుల్ మీద ఎంత బరువు పెట్టవచ్చో కూడా చూడండి, రోటరీ, టెయిల్ స్టాక్, ప్లేట్, నాలుగు వైస్‌లు, జాబ్‌లు కలిపితే ఊహించినదానికంటే ఎక్కువే తేలుతుంది.

టెయిల్ స్టాక్ విషయంలో పొదుపు చేయకండి. రోటరీ కంపెనీదే, అదే సెంటర్ హైట్‌తో తీసుకోవాలి. సన్నని షాఫ్ట్‌లకు మామూలు సెంటర్ చాలు. ట్రనియన్ ప్లేట్‌కి మాత్రం సెంటర్ పనికిరాదు, బేరింగ్ ఉన్న సపోర్ట్ టేబుల్ కావాలి, వీలైతే దానికీ బ్రేక్ (కట్ చేసేటప్పుడు కదలకుండా బిగించేది) ఉండాలి. ఒకవైపే బ్రేక్ ఉంటే 500 పొడవు ప్లేట్ రెండో చివర కట్టింగ్ లోడ్‌కి మెలి తిరుగుతుంది, ఆ చివర ఉన్న జాబ్‌కే చాటర్ మార్కులు (అదురు గీతలు) వస్తాయి, ఆపరేటర్ పాపం ఇన్సర్టులు మారుస్తూ ఉంటాడు.

ట్రనియన్ ప్లేట్ మీదే ఫోర్త్ యాక్సిస్ డబ్బులు తిరిగొస్తాయి. చక్‌లో ఒక్కో జాబ్ పెట్టుకుంటే స్పిండిల్ ఒక జాబ్‌కి తిరిగి ఆగిపోతుంది. ప్లేట్ మీద నాలుగు సెల్ఫ్ సెంటరింగ్ వైస్‌లు వరసగా పెడితే ఒక టూల్ నాలుగు జాబ్‌లకూ పనిచేసి వెళ్తుంది, టూల్ మార్పులు నాలుగో వంతుకి పడిపోతాయి, ఆపరేటర్‌కి మధ్యలో డీబరింగ్ చేసుకునేంత సమయం దొరుకుతుంది. అందుకే రోటరీకి ఎంత బడ్జెట్ పెడితే దానికి కనీసం మూడో వంతు అదనంగా ప్లేట్‌లకూ వైస్‌లకూ సాఫ్ట్ జాస్‌కీ పక్కన పెట్టమంటాను. మంచి రోటరీ కొని, పాత త్రీ జా చక్ బిగించి నడిపే షాపుల్లో ఆ టేబుల్ సగం రోజులు ఖాళీగానే ఉంటుంది.

"ఫోర్త్ యాక్సిస్ రెడీ" అంటే ఏమిటో రాతలో తీసుకోండి

ఈ మాటకి ఒక్కో అమ్మకందారు దగ్గర ఒక్కో అర్థం. ఒకరికి అది ప్యానెల్‌లో ఖాళీ స్థలం మాత్రమే. ఇంకొకరికి కేబుల్, కనెక్టర్ వరకు. ఇంకొకరికి డ్రైవ్ కూడా పెట్టి, కంట్రోల్‌లో యాక్సిస్ తెరిచి, బ్రేక్ సోలనాయిడ్‌కి గాలి లైన్ కూడా లాగి ఇవ్వడం. మీరు అడగాల్సినవి ఇవి: డ్రైవ్ ఉందా, పవర్ సప్లై మాడ్యూల్, ట్రాన్స్‌ఫార్మర్ ఇంకో మోటార్‌కి సరిపోతాయా, కంట్రోల్‌లో నాలుగో యాక్సిస్ ఆప్షన్ తెరిచి ఉందా లేక దానికి మళ్లీ డబ్బు కట్టాలా, బ్రేక్ వేసే, తీసే ఎం కోడ్‌లు ల్యాడర్‌లో (మెషీన్ లోపలి పీఎల్‌సీ ప్రోగ్రామ్) రాసి ఉన్నాయా. ఫానుక్ కంపెనీ కంట్రోల్ ఉన్న మెషీన్లలో ఇవి సాధారణంగా ఎం10, ఎం11గా ఉంటాయి, మెషీన్ బిల్డర్‌ని బట్టి మారవచ్చు.

ఫానుక్ కంట్రోల్‌కి ఫానుక్ మోటారే కావాలి. కాబట్టి రోటరీ ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఏ మోటార్ మోడల్‌కి ఫ్లాంజ్ కావాలో రాసివ్వాలి. రోటరీ ఒక కంపెనీ, మెషీన్ ఇంకో కంపెనీ అయినప్పుడు మోటార్ ఎవరు తెస్తారు, పారామీటర్లు ఎవరు వేస్తారు అన్నది తేలక టేబుల్ వారాల తరబడి పెట్టెలోనే ఉండిపోతుంది. రోటరీ యాక్సిస్ అని చెప్పే పారామీటర్ నంబర్ 1006, 360 దాటితే మళ్లీ సున్నాకి వచ్చే రోల్ ఓవర్‌కి 1008, ఒక చుట్టుకి ఎంత అని చెప్పే 1260, ఇవి సరిగ్గా పడకపోతే 350 నుంచి 10కి వెళ్లమంటే 20 డిగ్రీలు తిరగాల్సిన టేబుల్ 340 డిగ్రీలు వెనక్కి తిరుగుతుంది, పక్కన హోస్ ఉంటే చుట్టుకుంటుంది. మెషీన్ బిల్డర్ సర్వీస్ ఇంజనీరే వచ్చి ఇన్‌స్టాల్ చేసి, ల్యాడర్ బ్యాకప్ మీకు ఇచ్చి వెళ్లేలా ఆర్డర్‌లోనే రాయించుకోండి.

ప్రోగ్రామింగ్ పెద్ద భయపడాల్సింది కాదు. ఇండెక్సింగ్ పనికి ఒక A వేల్యూ (రోటరీ కోణం) రాస్తే చాలు. తిరుగుతూ కట్ చేసే పనికి ఫీడ్ డిగ్రీలలో ఆలోచించాలి. 60 వ్యాసం షాఫ్ట్ మీద ఒక డిగ్రీ అంటే ఉపరితలం మీద 0.52 మిల్లీమీటర్లు, కాబట్టి నిమిషానికి 200 మిల్లీమీటర్లు కావాలంటే ఎఫ్ (ఫీడ్) దాదాపు 382 రాయాలి. కొత్తవాళ్లు ఎఫ్200 అని రాసి, ఇంత మెల్లగా ఎందుకు తిరుగుతుందని చూస్తూ ఉంటారు. ఆయిల్ గ్రూవ్‌లు, క్యామ్ ట్రాక్‌లు ఎక్కువ చేస్తే సిలిండ్రికల్ ఇంటర్‌పొలేషన్, అంటే ఫానుక్‌లో జి07.1, మీ కంట్రోల్‌లో ఉందో లేదో అడగండి.

లోపల ఏ గేర్ ఉంది

వార్మ్ గేర్ టేబుల్స్ అన్నిటికంటే ఎక్కువగా దొరుకుతాయి. బెంగళూరు యూక్యామ్ నుంచి జపాన్ నిక్కెన్, సుడాకోమా, కిటగావా వరకు, తైవాన్ డెట్రాన్ వరకు చాలా మోడల్స్ ఇవే. ధర తక్కువ, రిపేర్ ఇక్కడే దొరుకుతుంది, బ్రేక్ వేసి కట్ చేసే పనికి గట్టిగా నిలబడతాయి. నిష్పత్తి 90కి 1 అయితే మోటార్ 3000 ఆర్పీఎంలో టేబుల్ 33 ఆర్పీఎం. ఇది మెల్లగా అనిపిస్తుందేమో కానీ 90 డిగ్రీలు తిరగడానికి పట్టేది అర సెకన్ చుట్టుపక్కలే, బ్రేక్ తీసి వేసే సమయంతో కలిపినా రెండు మూడు సెకన్లు. డ్రిల్లింగ్ జాబ్‌లో వేగం కోసం ఎక్కువ డబ్బు పెట్టి ఏం చేస్తాం?

వార్మ్‌కి ఉన్న అసలు లోపం అరుగుదల. బ్రేక్ తీసి తిరుగుతూ కట్ చేసే పని రోజూ ఉంటే, లోడ్ ఒకసారి ఇటు ఒకసారి అటు లాగితే, బ్యాక్‌లాష్ (గేర్ పళ్ల మధ్య వదులు) పెరుగుతుంది. ఇది సర్దుకునే ఏర్పాటు చాలా టేబుల్స్‌లో ఉంటుంది, మాటిమాటికీ సర్దితే మాత్రం ఎక్కువ వాడిన కోణం దగ్గర వదులుగా, వాడని కోణం దగ్గర బిగుతుగా తయారవుతుంది.

అలాంటి పని ఎక్కువైతే రోలర్ గేర్ క్యామ్ టేబుల్ చూడండి. పళ్లకు బదులు బేరింగ్ రోలర్లు ప్రీలోడ్‌తో నడుస్తాయి, బ్యాక్‌లాష్ ఉండదు, అరుగుదల చాలా తక్కువ. క్యామ్ షాఫ్ట్, ఫార్మా ప్యాకింగ్ మెషీన్ల క్యామ్‌లు, స్క్రూ ఫీడర్ లాంటివి రెగ్యులర్‌గా చేసేవాళ్లకు ఆ ఎక్కువ ధర న్యాయమే. డీడీ (డైరెక్ట్ డ్రైవ్) మోటార్ టేబుల్స్‌కి గేరే లేదు, వేగం చాలా ఎక్కువ, కానీ బ్రేక్ లేనప్పుడు పట్టుకునేది మోటార్ టార్క్ ఒక్కటే, డ్రైవ్ ఖరీదు, వేడి సంగతి కూడా చూడాలి. జాబ్ వర్క్ షాపుకి ఇది నేను చెప్పను.

గేర్ కంటే ముందు చదవాల్సిన అంకె ఒకటుంది కేటలాగ్‌లో: క్లాంపింగ్ టార్క్, అంటే బ్రేక్ వేసినప్పుడు టేబుల్ ఎంత మెలిని ఆపగలదో. 2000 న్యూటన్ల కట్టింగ్ ఫోర్స్ సెంటర్ నుంచి 75 మిల్లీమీటర్ల దూరంలో పడితే 150 న్యూటన్ మీటర్లు. నేను దీనికి రెట్టింపు ఉన్న టేబుల్‌నే తీసుకోమంటాను. గాలితో నడిచే బ్రేక్‌ల టార్క్ గాలి ప్రెజర్‌ని బట్టి మారుతుంది, కేటలాగ్‌లో 5 లేదా 6 బార్‌కి రాసి ఉంటుంది, మీ లైన్‌లో రెండో షిఫ్ట్‌లో 4.5 వస్తుంటే ఆ అంకె మీది కాదు. హైడ్రాలిక్ బ్రేక్ అదే సైజులో గట్టిగా పడుతుంది, దానికి పవర్ ప్యాక్ కావాలి. స్టీల్‌లో 16 ఎండ్ మిల్‌తో సైడ్ మిల్లింగ్ రోజూ చేసేవాళ్లు హైడ్రాలిక్‌కి వెళ్లండి. అల్యూమినియం, డ్రిల్లింగ్, ట్యాపింగ్ అయితే గాలి చాలు, కానీ ఎయిర్ డ్రయ్యర్ లేకుండా పెట్టకండి, వానాకాలంలో లైన్‌లో వచ్చే నీళ్లు ముందు పాడుచేసేది బ్రేక్ సీల్స్‌నే.

ఫైవ్ యాక్సిస్ టేబుల్ ఎవరికి

మొదట ఎత్తు లెక్క. స్పిండిల్ నోస్ నుంచి మెషీన్ టేబుల్‌కి గరిష్ఠంగా 600 ఉందనుకుందాం. టిల్టింగ్ రోటరీ అడ్డంగా ఉన్నప్పుడు దాని ముఖం 270 ఎత్తులో ఉంటే, దాని మీద వైస్ 100, జాబ్ 60, హోల్డర్‌తో కలిపి టూల్ 150. మొత్తం 580. మిగిలింది 20 మిల్లీమీటర్లు. పొడవు డ్రిల్ పట్టదు, టూల్ చేంజ్ ఎత్తుకి వెళ్లేటప్పుడు జాబ్‌ని తప్పించడం కష్టం. కొత్త మెషీన్ ఆర్డర్ ఇస్తున్నవాళ్లు కాలమ్ రైజర్ అడిగి ఈ ఇబ్బంది తప్పించుకోవచ్చు. ఉన్న మెషీన్‌కి అది కుదిరే పని కాదు.

తర్వాత కంట్రోల్. చిన్న వీఎంసీల్లో ఎక్కువగా వచ్చే ఫానుక్ 0ఐ-ఎంఎఫ్‌లో ఒకేసారి కదిలే యాక్సిస్‌లు నాలుగు. అంటే ఆ మెషీన్ మీద ఫైవ్ యాక్సిస్ టేబుల్ పెట్టినా మీరు చేసేది త్రీ ప్లస్ టూ, అంటే వంచి, తిప్పి, బ్రేక్ వేసి, త్రీ యాక్సిస్‌లో కట్ చేయడం. ఇంపెల్లర్, టర్బైన్ బ్లేడ్ లాంటివి కుదరవు, వాటికి 31ఐ-బీ5 తరహా కంట్రోల్ ఉన్న అసలు ఫైవ్ యాక్సిస్ మెషీన్ కావాలి. ఇంకో మాట, ఐదు యాక్సిస్‌లు ఒకేసారి కదిలే మెషీన్లు వాసెనార్ ఒప్పందం కింద ఎగుమతి నియంత్రణ జాబితాలో ఉన్నాయి, విదేశీ మెషీన్ అయితే ఎక్కడ పెడతారు, ఏ పనికి వాడతారు అని రాసివ్వాల్సిన కాగితాలు అడుగుతారు, డెలివరీ తేదీ లెక్కలో అది కూడా వేసుకోండి.

త్రీ ప్లస్ టూ తక్కువదేమీ కాదు. రెండు కోణాలు కలిసిన హోల్స్ ఉన్న బ్రాకెట్లు, డిఫెన్స్ హౌసింగులు, సైన్ ప్లేట్ మీద పెట్టి తంటాలు పడే జాబ్‌లు అన్నీ దీనితో సులువవుతాయి. కానీ టిల్టెడ్ వర్క్ ప్లేన్ ఆప్షన్ (వంచిన ముఖానికి తగ్గట్టు కంట్రోలే కొలతలు సర్దుకునేది) కంట్రోల్‌లో ఉండి తీరాలి, ఫానుక్‌లో జి68.2, సీమెన్స్‌లో సైకిల్800, హాస్‌లో ఆఫ్‌సెట్ సర్దే పనికి జి254 (డైనమిక్ వర్క్ ఆఫ్‌సెట్). అది లేకపోతే ప్రతి కోణానికీ ఆఫ్‌సెట్ విడిగా లెక్కవేసుకోవాలి, లేదా జాబ్‌ని క్యామ్‌లో అనుకున్న చోటే మైక్రాన్లలో పెట్టాలి. రోజూ అలా చేయడం అయ్యే పని కాదు.

అందుకని నేను ఫైవ్ యాక్సిస్ టేబుల్ చెప్పేది వీళ్లకే: జాబ్ అరచేతిలో పట్టేంత చిన్నది, మెటీరియల్ ఎక్కువగా అల్యూమినియం, కాంపౌండ్ కోణాల పని నెలనెలా వస్తుంది, క్యామ్ సాఫ్ట్‌వేర్ బాగా తెలిసిన మనిషి షాపులో ఉన్నాడు. ఇందులో చివరిది లేకపోతే ముందు మనిషిని తయారుచేసుకోండి. బాలానగర్‌లో 1968లో మొదలైన సీఐటీడీ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) ఉంది, అక్కడ క్యాడ్ క్యామ్ శిక్షణ పొందిన పిల్లలు మన చుట్టూనే దొరుకుతారు.

పెద్ద కాస్టింగ్‌లు నాలుగు వైపులా, నెలకి వందల్లో వస్తుంటే మాత్రం ఇవేవీ కాదు, ప్యాలెట్ (జాబ్‌లు బిగించి మార్చుకునే పలక) ఉన్న హెచ్ఎంసీ, అంటే స్పిండిల్ అడ్డంగా ఉండే మెషీన్ గురించి మాట్లాడుకోవాలి. చిప్స్ వాటంతటవే కింద పడతాయి, ఒక ప్యాలెట్ కట్ అవుతుండగా రెండోది లోడ్ చేయవచ్చు. వీఎంసీ మీద రోటరీ దానితో పోటీ పడలేదు.

వచ్చాక ఎలా చూసుకోవాలి

డబ్బంతా కట్టేముందు మీ డయల్‌తో మీరే చూసుకోండి. టెస్ట్ బార్ పెట్టి ఎక్స్ వెంబడి పైనా పక్కనా 300 పొడవుకి ఎంత తేడా ఉందో చూడాలి. ఫేస్ ప్లేట్ రనౌట్ (తిరిగేటప్పుడు ముఖం ఊగడం) చూడాలి. సెంటర్ నుంచి 100 దూరంలో డయల్ ముల్లు ఆనించి బ్రేక్ వేసి తీయాలి, బ్రేక్ పడ్డప్పుడు ముల్లు ఎంత కదిలితే మీ కోణం అంత జరుగుతోందన్నమాట. అక్కడే ఒకసారి ప్లస్ వైపు నుంచి, ఒకసారి మైనస్ వైపు నుంచి ఒకే కోణానికి రప్పిస్తే బ్యాక్‌లాష్ తెలుస్తుంది.

రొటేషన్ సెంటర్ పట్టడం అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే సెంటర్ ఎత్తులో ఎంత తప్పుంటే 180 తిప్పాక జాబ్ మందంలో దానికి రెట్టింపు తప్పు వస్తుంది. దీన్నే పరీక్షగా వాడుకోవచ్చు. ఒక అల్యూమినియం ముక్క చక్‌లో పట్టుకుని A0 (రోటరీ కోణం సున్నా) దగ్గర సెంటర్ నుంచి 20 పైన ఫేస్ చేయండి, టేబుల్‌ని 180 తిప్పి, అదే టూల్‌తో, అదే జెడ్‌తో మళ్లీ ఫేస్ చేయండి. మైక్రోమీటర్‌లో 40.00 రావాలి. 40.03 వచ్చిందంటే మీరనుకున్న సెంటర్ అసలు సెంటర్ కంటే 0.015 పైన ఉంది, ఆఫ్‌సెట్ అంత కిందికి దించండి. మెషీన్ వేడెక్కాక, ఒక అరగంట స్పిండిల్ తిరిగాక చేయండి, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పట్టిన సెంటర్ మధ్యాహ్నానికి నిలవదు.

ఆ టేబుల్ సీరియల్ నంబర్‌తో ఉన్న కంపెనీ ఇన్‌స్పెక్షన్ రిపోర్ట్‌లో ఇండెక్సింగ్ కచ్చితత్వం, రిపీటబిలిటీ విడివిడిగా రాసి ఉండాలి. మీరు కొలిచినవి దాని పక్కన రాసి, సర్వీస్ ఇంజనీర్ సంతకం చేయించుకుని, ఆ తర్వాతే మిగతా చెల్లింపు ఇవ్వండి.